మధ్యలో నీళ్ళు

మూడో రాత్రి.
స్క్రీను మూలన ఆ చిన్న విసనకర్ర గుర్తు
ఒక్క గీత దగ్గర ఆగి
ఆరిపోనా, ఉండనా అని అడుగుతోంది.

బయట బల్లారట్‌లో జూలై చలి.
చెత్తడబ్బాల మూతలు మంచు పట్టి తెల్లబడ్డాయి.
భుజాల మీద దుప్పటి కప్పుకుని
మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టాను.
తీగ పీకి, ముప్పై లెక్కపెట్టి, గుచ్చాలి.
ఇరవై రెండు దగ్గర ఆవలింత వచ్చి
లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి.

డ్రైవర్ తీసేసి కొత్తది వేశాను.
నెట్‌వర్క్‌ని మర్చిపొమ్మంటే
కంప్యూటర్ బుద్ధిగా మర్చిపోయింది.
గుర్తు తెచ్చుకోవాల్సిన పని నా నెత్తిన పడింది.
అది సున్నానా, ఓ అక్షరమా?
రౌటర్ వీపు మీద రాతలు చీమ తలకాయలంత.
నేల మీద బోర్లా పడుకుని
ఫోను లైటు వేసి కూడబలుక్కుని చదివాను,
గుడ్డి దీపంతో శాసనం చదివినట్టు.

చిత్రం ఏమిటంటే
హాల్లో సోఫా మీద ఫోనుకి నిండుగా వస్తుంది.
నా గదిలోనే కరువు.
ఒకే ఇంట్లో ఒక గదికి వాన, ఒక గదికి ఎండ.

"చానల్ మార్చి చూశావా?" అంది వింధ్య, నిద్రలోంచే.
మార్చాను. ఒకటి, ఆరు, పదకొండు.
ఈ వీధి నెట్‌వర్కుల పేర్లన్నీ నోటికొచ్చేశాయి.
ఎదురింటాయన తన వైఫైకి
'నీకెందుకు' అని పేరు పెట్టుకున్నాడు.
'గ్లెనిస్ గూడు' అని ఇంకోటి ఉండేది జాబితాలో,
పోయిన నెల దాకా.

నాలుగో రోజు కంపెనీకి ఫోను చేశాను.
నలభై నిమిషాల పియానో తర్వాత
ఒక అమ్మాయి గొంతు. జలుబు చేసినట్టుంది.
"రౌటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఏముంది?"
ఒక గోడ, అన్నాను.
కోట్లు తగిలించే కొక్కేలు. మా వల్లరి సైకిలు.
"ఇంకా?"
ఇంకేం లేవు.
"కొత్తగా ఏమైనా వచ్చిందా ఇంట్లోకి?"

అప్పుడు వినబడింది,
గోడ అవతల నుంచి, బుడబుడమని.

ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో బస్సు నడిపిన గ్లెనిస్
హోబార్ట్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ
కంచె మీంచి వల్లరిని పిలిచి ఇచ్చేసింది,
రెండొందల లీటర్ల గాజు తొట్టి,
పదకొండు చేపలు,
ఏది ఎవరో రాసిన కాగితం.
నలుగురం మోసుకొచ్చాం, మోచేతులు చెక్కుకుపోతూ.

"అదే అయ్యుంటుంది" అంది ఆ అమ్మాయి,
"నీళ్ళు తరంగాల్ని తాగేస్తాయి."
చెప్పి, ముక్కు చీది,
ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది.
అలలు పుట్టించే నీళ్ళు
అలల్ని తాగడమేమిటని అడుగుదామనుకున్నాను.
వెనక ఎంతమంది పియానో వింటున్నారో.

దీపం వెయ్యకుండా తొట్టి ముందు నిలబడ్డాను.
మూడు రాత్రులుగా సగం కట్టిన కరెంటు బిల్లు,
మాట మధ్యలో కొయ్యబారిన ఆఫీసు మొహాలు,
వెళ్ళాయో లేదో తెలియని ఉత్తరాలు
ఇందులోనే ఎక్కడో మునిగి ఉండాలి.
నారింజ రంగుది ఒకటి, కాగితం ప్రకారం డెరెక్,
అద్దం దగ్గరకొచ్చి
నోరు తెరిచింది, మూసింది, తెరిచింది,
నాకు రావాల్సిన కబురేదో
నింపాదిగా నములుతున్నట్టు.

తొట్టిని కదపడం నా వల్ల కాదు.
రౌటరా, అరచెయ్యంత.
కుర్చీ ఎక్కి పుస్తకాల బీరువా నెత్తిన పెట్టాను,
నీటి మట్టానికి మూడు జానల పైన.
ఒక గీత. రెండు. కాసేపాగి మూడు.
నాలుగోది రాలేదు. పోనీలే.

ఆ మూడు గీతలతో మొదటి ఉత్తరం గ్లెనిస్‌కి రాశాను.
డెరెక్ బావున్నాడు.
ఆకలి బాగా వేస్తోంది.
ఏం తింటున్నాడో మాత్రం రాయలేదు.