రెండో తాళంచెవి

పర్లాకిమిడి బ్రాంచిలో కుదువ బంగారం దాచిన బీరువాకి
తాళంచెవులు రెండు.
ఒకటి మేనేజరు మొలతాడుకి.
రెండోది క్యాషియరు పాణిగ్రాహి గారి జేబులో.
ఆ జేబు తొడుక్కునే ఆయన
మేనల్లుడి పెళ్లికని బరంపురం వెళ్లిపోయాడు.

"రేపొచ్చీస్తారమ్మా" అన్నాడు ప్యూను,
"ఏటి సేస్తాం, ఈ పూటకి విశ్రాంతి తీసుకోండి."

పదకొండేళ్లుగా రిజిస్టర్లు తిరగేస్తున్నాను,
ఆ మాట ఏ గడిలోనూ కనబడలేదు.

లాడ్జిలో కుర్రాడు నా కార్డు చూసి
వనజాక్షిని ఒరియాలో పైకి చదివాడు:
బొనొజాఖీ.
ఎవర్నో పిలుస్తున్నాడని వెనక్కి చూశాను.
వెనక ఒక కుర్చీ, పోయినేడాది క్యాలెండరు.
"బొసొంతు" అన్నాడు, కుర్చీ తుడిచి.
కూర్చున్నాను.
పోయిన వకారంతోపాటు
వంట, వడ్డన, వాయిదాలు,
వాషింగ్ మిషనులో మరిచిపోయిన బట్టలు
అన్నీ తనుకులోనే దిగిపోయాయి.

గదిలో ఫ్యాను అయిదు మీద పెట్టాను.
మా ఆయనకి జలుబు, మా ఇంట్లో అది మూడు దాటదు.
మంచానికి అడ్డంగా పడుకున్నాను,
కాళ్లు ఒక దిక్కు, జడ ఒక దిక్కు,
మధ్యాహ్నం మూడింటికి,
ఎవరికీ ఒంట్లో బాగోకుండానే.

సాయంత్రం కొమ్ము పనివాళ్ల వీధి.
కాలుతున్న కొమ్ము వాసన ఏమంత బాగుండదు,
అయినా నిలబడ్డాను.
అనంత మహారాణా బొగ్గుల మీద కొమ్ము కాచి
కొంగ మెడ వంచుతున్నాడు.
"వేడి మీదే తిప్పాలమ్మా, చల్లారితే ఇరిగిపోద్ది గానీ వంగదు"
సగం తెలుగు, సగం ఒరియా,
మధ్యలో ఆకురాయి గరగర.
మెడ కొంచెం పక్కకి పోయిన కొంగని ఏరుకున్నాను.
చేతిలో పెట్టుకోగానే చెయ్యి చెప్పింది:
ముప్పై నాలుగు గ్రాములు.
ఏం చేస్తాం, ఉద్యోగం అరచేతిలోంచి దిగదు.

బజారు మలుపులో ఛెనాపోడొ.
విరిగిన పాలముద్దని ఆకుల్లో కాల్చి
అడుగు మాడనిచ్చిన మిఠాయి.
ఆ మాడిన అంచులోనే ఉంది రుచంతా.
ఇంట్లో అంచు ఎప్పుడూ వేరేవాళ్లది,
నాది మధ్యముక్క, లేదా చాకుకి అంటినది.
ఇక్కడ నాలుగంచులూ నేనే తిన్నాను.
పిల్లలు గుర్తొచ్చారు,
అబద్ధం ఎందుకూ,
తినడం అయ్యాకే గుర్తొచ్చారు.

మహేంద్రతనయలో నీళ్లు మోకాలికి చాలవు.
చెప్పులు చేత్తో పట్టుకుని అవతలి గట్టుకి వెళ్లాను.
అక్కడ పనేమీ లేదు.
వెనక్కి వచ్చేశాను.

మర్నాడు పదింటికి పాణిగ్రాహి గారు,
నిద్ర చాలని కళ్లు, చొక్కా చేతికి పసుపు మరక,
నాకోసం కాగితంలో చుట్టిన రెండు లడ్డూలు.
రెండు తాళంచెవులూ ఒకేసారి తిరిగాయి.
రెండువందల పన్నెండు సంచులు.
నూట ఏడోది: దిద్దుల జత,
మూడు గ్రాముల నూట ఇరవై మిల్లీలు.
ఆధార్‌లో వసంత,
సంతకంలో బొసొంతి.
పేరు తేడా. ఎర్రసిరా పెట్టాల్సిన చోటు.
చాలాసేపు పెన్ను మూత తిప్పుతూ కూర్చుని
పచ్చ టిక్కు పెట్టాను.

ప్రయాణ ఖర్చుల ఫారంలో రాశాను:
హాల్టు, ఒక రోజు. కారణం, తాళంచెవి లేకపోవుట.
కొంగకి గడి లేదు.
గీటురాయి పక్కన, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టాను.

నౌపడా వైపు పాసింజరు కదులుతుండగా ఫోను:
"వనజా, పప్పు డబ్బా ఎక్కడుంది?"
చెప్పాను.
అరక్షణం ఆలస్యంగా.

పైనెల గుణుపురం బ్రాంచి.
అక్కడ రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో,
వాళ్లింట్లో పెళ్లీడుకొచ్చిన వాళ్లెందరో
ప్యూను దగ్గర ముందే వాకబు చేసుంచాను.