మూడడుగుల నాలుగంగుళాలు

బయట టేపు పట్టి కొలిస్తే ముప్ఫై ఎనిమిది అడుగులు.
లోపల గది గదీ కొలిచి, గోడల మందం కలుపుకుంటే
ముప్ఫై నాలుగడుగుల ఎనిమిదంగుళాలు.
రెండోసారి కొలిచాను.
మూడోసారి, టేపు అవతలి కొస పట్టుకున్న కుర్రాడు
"ఏటి సార్, బిల్డింగు తినీసిందేటి?" అన్నాడు.

విజయనగరం. గంటస్తంభానికి కూతవేటు దూరం.
బ్యాంకు లోనుకి ఉన్నదున్నట్టు ప్లాను కావాలి.
ఉన్నదంటే ఏది?
రోడ్డుకి కనిపించేది వెండిరంగు పలకల మొహం,
తుపానుకి అద్దాలన్నీ రాలిపోయాక
అద్దె పడిపోకూడదని తొడిగినది.
పలక సందులో చెయ్యి పెడితే
అద్దాల నాటి ఇనప చట్రం,
దాని వెనక క్యాసెట్ల కొట్టు కాలపు
మొజాయిక్ ముక్కల తామరపువ్వు, సగం రేకులు రాలినది,
ఇంకా లోపల, మోచెయ్యి దాకా దూరిస్తే,
వేలి కొసకి చల్లగా గానుగ సున్నం.

పొట్నూరి వారి గోనెల కొట్టట ఇది మొదట.
మిద్దె కింద బర్మా టేకు దూలాలు
ఇప్పుడు ఫాల్స్ సీలింగు పైన, చీకట్లో,
ఏసీ గొట్టాలు మోస్తున్నాయి.
ముందు నాలుగు స్తంభాల వసారా ఉండేది.
రోడ్డు వెడల్పు చేసిన ఏడు
ఎర్రరంగు గీత గీసి మున్సిపాలిటీ కోసుకుపోయింది.
ఒక్క స్తంభం మాత్రం ఏటీఎం మూలన
కాంక్రీటు చొక్కా తొడుక్కుని తప్పించుకుంది.
వేలితో కొట్టి చూడండి,
పక్కవాటికన్నా బొంగురుగా పలుకుతుంది.

అయినా నా లెక్క తేలలేదు.

ఎదురుగా తమలపాకులమ్మే బోడెమ్మ
నా అవస్థ చూసి చూసి, సున్నం వేలు ఆకుకి రాసి అంది:
"అక్కడ మెట్లున్నాయి బాబూ.
కూర్మయ్య, సన్యాసయ్య ఇడిపోనారు కదేటి.
కొట్లు పంచుకున్నారు, తూకంరాళ్ళు పంచుకున్నారు,
మెట్ల కాడ పేచీ వొచ్చీసింది.
నాదంటే నాదని.
అటోడు అటు గోడ కట్టీసినాడు,
ఇటోడు ఇటు కట్టీసినాడు.
ఇంకేటుంది, ఎవుల్దీ కాకండా పోనాది."

మేస్త్రీ గవరయ్య నాలుగిటుకలు తీశాడు.
సెల్‌ఫోను వెలుగు లోపలికి దించాను.
పంతొమ్మిది మెట్లు.
మధ్యలో గిన్నెల్లా అరిగి ఉన్నాయి
(మూట మోసేవాడు వారన నడవడు).
గోడమీద భుజం ఎత్తున నూనె మరక, పొడుగునా.
దానికింద, నా నడుం ఎత్తున, ఇంకోటి, పల్చగా.
సిరిమాను చూడ్డానికి మేడమీదకి పరిగెత్తిన పిల్లలు
గోడ పట్టుకుని ఎక్కిన జాడ కాబోలు.
కాకపోవచ్చు కూడా.
నేను గీతలు గీసేవాణ్ణి, ఊహలకి నాకు కూలి ఇవ్వరు.

రెండు వాటాలూ ఇప్పుడు కూర్మయ్య మనవడివే.
ఇక పేచీ పెట్టడానికి అవతల మనిషే లేడు.
కన్నంలోకి తొంగిచూసి ఒక్క మాటే అడిగాడు:
"లిఫ్టు పడుతుందా?"
లిఫ్టు కంపెనీ మనిషి విశాఖ నుంచి వచ్చి
కొలిచి, నాలుక చప్పరించి,
ఎనిమిదంగుళాలు చాలదన్నాడు.
ఆ సాయంత్రమే ఇటుకలు వెనక్కి వెళ్ళాయి.
గవరయ్య ఆఖరి ఇటుక పెట్టేముందు
ఎందుకో చెప్పు విడిచాడు.

ప్లానులో అక్కడ 'డక్టు' అని రాశాను.
అలాంటి చోట్లు గీతలతో నింపడం మా అలవాటు.
నింపుతూ లెక్కపెట్టాను,
పద్దెనిమిది దగ్గర ఆపబోయి
ఇంకోటి గీశాను.
మా ఇంజనీరు కళ్ళజోడు పైకి తోసి,
"గీతలింత ఎడంగా ఉన్నాయేమయ్యా?" అన్నాడు.

అడుగు పట్టాలి కదండీ,
అనబోయి, ఊరుకున్నాను.