సీసం, ఎత్తుగీతి

దొరసామి అయ్యవారికి సీసం అంటే పద్యం.
నాలుగు పాదాలు, కిందొక గీతి.
"మీద ఎంత గొంతెత్తి పాడినా
గీతి లేకుండా సీసం ముగియదురా గంగులప్పా"
అని బెత్తంతో బల్లమీద దరువేసేవాడు.

మా నాయనకి సీసం అంటే ఆదివారం.
పలమనేరులో పాత బ్యాటరీలు పగలగొట్టే చోట
తూకానికి కొన్న బూడిదరంగు ముక్కలు
అమ్మ తిరగమాత పెట్టే ఇనప గంటెలో వేసి
పొయ్యిమీద పట్టుకుంటే
ముందు మీగడలాగ ముడత పడి
ఆమీద అద్దమయ్యేది.
దాంట్లో వంగి నా మొకం చూసుకునేవాణ్ణి.
సాయంత్రం అదే గంటెను బూడిదేసి తోమి
చింతచిగురు పప్పుకి ఆవాలు చిటపటలాడించేది అమ్మ.

అడవిపంది మడక లేకుండా దున్నుతాది.
ఒక్క రాత్రికి అరెకరం శెనక్కాయ,
తెల్లారితే చేను వాంతి చేసుకున్నట్టుంటాది.
మాకు తాతనాటి లైసెన్సు,
అడవాఫీసోళ్ళ అనుమతి కాయితం,
పట్టెమంచం కింద ఒంటిగొట్టం తుపాకి.
పేల్చినాం. పూడ్చమంటాది కాయితం, పూడ్చినాం.
నక్కకి కాయితం చదవను రాదు గదా.

నక్క తవ్వింది మా కర్రిగాడు తిన్నాడు.
పదో దినానికి కుక్క అడ్డంగా నడిచింది,
దవడ జారిపోయింది, పిలిస్తే గోడకేసి చూసింది.
పశువుల డాక్టరు ఎక్స్‌రే ఎత్తి వెలుగులో పట్టినాడు.
నల్లటి కడుపులో తెల్లటి చుక్కలు,
రాగులు చల్లినట్టు.
"ఎవరిదప్పా ఈ తుపాకి?" అన్నాడు.
నేను పలకలా.
ఆ వారమే గుండ్రాయి పక్కన ఒక గద్ద,
రెక్కలు తడిగుడ్డలాగ జారేసుకుని,
దగ్గరికి పోయినా ఎగరలా.

చిత్తూరులో తుపాకుల అంగడి మొదలారి నవ్వినాడు.
"సీసం లేని తూటానా?
ఉప్పు లేని ఊరగాయ అడిగినట్టుండాది."
ఉక్కుగుండ్లు ఉండాయి గానీ
నీ ముసలి గొట్టం ఓర్చుకోదన్నాడు.
బిస్మత్తు అని ఇంకోటి, మద్రాసునించి రావాల,
ఒకటి కొనే దుడ్డుకి పాతవి నాలుగొస్తాయి.
పది తెప్పియ్యమన్నా.

"చచ్చే పందికి ఏ లోహమైతే ఏందిరా?" అన్నాడు నాయన.
పందికి కాదు నాయనా.

కొత్త గుండు తేలిక. దూరం పోదు.
నలభై గజాల్లో పేల్చేవాణ్ణి
ఇరవై గజాలకి పాక్కుంటా పోవాల.
అంత దగ్గర్లో చీకటికి పళ్ళుంటాయి.
కాయ పగిలే టిక్కుటిక్కు,
మట్టి వాసన, పచ్చి ఆకు వాసన,
తల్లి నములుతుంటే పిల్లలు మూలిగే సద్దు.
రెండు రాత్రులు ఊరికే తిరిగొచ్చినా.
మూడో రాత్రి పెద్ద మగపంది ఒంటిగా వచ్చింది.

పూడ్చినా. నక్క తవ్వింది.
పొద్దున మట్టికుప్పమీద గద్ద.
చేతిలో రాయి ఉంది, విసరలా.
అది ముక్కుతో పీకి, మెడ ఎగరేసి మింగతా ఉంటే
గట్టుమీద కూచుని బీడీ అయిపోయేదాకా చూసినా.
పది దినాలు లెక్కపెట్టుకున్నా.
దినామూ వచ్చింది. అదేనో, ఇంకోటో.
గద్దకి గుర్తేముంటాది.

పాత గంటె అటకమీద ఉంది.
పాతసామాన్లోడికి వెయ్యబుద్ధి కాలా,
వాడు యాడ కరిగిస్తాడో, ఎవరింటికి గంటె చేస్తాడో.
కొత్త గంటెలో తిరగమాత రుచి రాలేదని
అమ్మ ఇంకా సణగతానే ఉంది.

అయ్యవారు ఉండుంటే అడిగేవాణ్ణి,
సీసం లేకుండా గీతి ఒక్కటే రాసుకోవచ్చునా అని.

నాయన కాఫీ లోటా ఎత్తినాడు.
నలభై ఏండ్ల ఆదివారాల చెయ్యి.
అంచు చుట్టూ చిన్న అల
తిరగతానే ఉంది.