మడత

సూదికి వెలుతురు కావాలి.
అందుకే మిషను కిటికీ పక్కన,
మిషను పక్కన గాజుతొట్టి.
రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు.
బదిలీ మీద పోతూ గుమస్తాగారి భార్య
ఆరు జాకెట్ల బాకీ కింద వదిలేసింది,
నాలుగు గప్పీలతో సహా.

వెలుతురు సూదికే అని
నీళ్ళకెవరు చెబుతారు?
పాలకొండ రోడ్డు ఎండంతా తాగి
అద్దం లోపల పాచి పట్టింది.
ముందు లేత పచ్చ, తరవాత
ఇస్కూలు లంగాల గుడ్డంత ముదురు పచ్చ.
గప్పీలు ఉన్నాయో లేవో
అద్దానికి తోక తగిలినప్పుడే తెలిసేది.

"సక్కర్ చేపనెయ్యి వదినా, అంతా నాకేత్తాది" అంది
కాజాలు తీసే అసిరమ్మ.

ఏడురోడ్ల జంక్షన్ దాటాక, మెట్ల కింద కొట్టు.
కూర్మారావు వల ముంచి ఒకటి తీశాడు.
వేలెడంత. ఒళ్ళంతా చుక్కలు.
వీపు మీద తెరచాపలాంటి రెక్క.
"నలభై రూపాయలమ్మా. ఏదేస్తే అదే తింటాది."

దాన్ని నేనెరుగుదును.
దాన్ని కాదు, దాని పెద్దన్నని.
నిరుడు వానల్లో నాగావళిలో
మా మరిది వలకి పడింది
మూరెడు పొడుగున, రంపం ముళ్ళతో, దెయ్యపు చేప.
గట్టున పడేసినా గంటసేపు చూస్తూనే ఉందట.
కూరకి రాదు, బేరానికి రాదు.
వలని మాత్రం నిలువునా చీల్చింది.
ఆ వల నేనే బాగుచేశాను,
జాకెట్లు పక్కన పెట్టి, రెండు రాత్రులు.
ఏ ఇంట్లోనో గాజుపెట్టె ఇరుకై
ఎవరో వంతెన మీంచి జారవిడిచి ఉంటారని
ముడి ముడికీ అనుకున్నాను.
తిట్టడానికి నోరు రాలేదు.
వేలెడంతప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నవాళ్ళేగా.

జూన్ వస్తే తల్లులందరిదీ ఒకటే మాట:
"పెరిగే గుంటడమ్మా, లోపల మడత పెట్టు."
లాగు అంచులో రెండంగుళాలు దాస్తాను.
మరుసటేడు విప్పితే
ఆ కాస్త పట్టీ ఇంకా కొత్తగా ఉంటుంది,
మిగతా లాగంతా వెలిసిపోయి.
ఎంత దాచాలో
పిల్లాడి మణికట్టు చూసి చెప్పగలను.
చేపకి మణికట్టేదీ?

మెడలో టేపు తీసి అద్దానికి ఆనించాను.
"ఇందులో మడతెంత, కూర్మారావూ?"
అతనికి అర్థం కాలేదు.
"ఎంతవరకూ పెరుగుతాది?"
"తొట్టిని బట్టేనమ్మా" అన్నాడు,
వలవైపు చూస్తూ.
"మా కొట్టు ఇరుకని మా వోడు ఎదగడం మానేశాడేటి?"

నవ్వాడు.
నవ్వి, కింది వరసలో తడిగోనె పక్కకి లాగాడు.
అక్కడ చెక్కముక్కకి కరుచుకుని
మరో రకం. పొట్టివి, మట్టిరంగువి.
"గడ్డం చేపలు. జానలో సగం దాటవు. నూట ఎనభై."
అంటే ఒక జాకెట్టూ, ఇంకోదాని చేతులూ.

ముక్కాలిపీట మీద అరగంట కూర్చున్నాను.
మూతి మీద గడ్డం మొలిచినవి మగవట.
చెక్క నాదంటే నాదని తరుముకుంటున్నాయి.
ఒకటి అద్దానికి అతుక్కుంటే
పొట్ట లోపలికి పోయి కనబడింది.
కొలతకి చేతులెత్తిన పిల్ల
పొద్దుటి నుంచి తినలేదని తెలిసిపోయినట్టు.
ఇంకోదానికి తోక చినిగింది.
ఆ మూల ఒకతి, గడ్డం లేనిది,
పొట్ట గుండ్రంగా,
వేలు చూపగానే చటుక్కున చెక్క వెనక్కి.
"ఆవిడే" అన్నాను.

ఆటోలో ఒళ్ళో పెట్టుకున్నాను.
గతుకు గతుక్కీ కవరు
పురిటి పొట్టలా కదిలింది.
తొట్టిలో కవరు తేలేసి, కాసేపాగి,
కొబ్బరిచిప్ప బోర్లించి వదిలాను.
మూడు రోజులు జాడ లేదు.
"నూట ఎనభైకి కొబ్బరిచిప్ప కొన్నావు వదినా"
అంది అసిరమ్మ.

నాలుగో పొద్దు దారం ఎక్కించబోతే
పాచిలో ఒక వంకర గీత,
నేర్చుకునేవాళ్ళు కుట్టినట్టు.
అందులోంచి ఒక గప్పీ తోక, ఎర్రగా.

కొలతల పుస్తకం తీసి
ఇస్కూలు పిల్లల వరసలోనే రాశాను.
పొడవు: అంగుళంన్నర.
మడత: మూడు.
ఇవ్వాల్సిన తేదీ దగ్గర
అడ్డగీత కొట్టేశాను.