తొమ్మిది గంటల కాపలా

కెమిలో జూన్ నెల, రాత్రి ఒంటిగంట.
కాగితం మిల్లు గేటు పక్కన, లారీల కాటా గదిలో
నేనూ, నా కాఫీ ఫ్లాస్కూ, చిన్న తెరలో ఒక సముద్రం.
బయట సూర్యుడు పడుకోవడం మర్చిపోయాడు.
దుంగల లారీ వస్తే లేచి బరువు రాస్తాను,
పోయాక కూర్చుని మా ఉప్పు దీవికి కాపలా కాస్తాను.

మా కూటమిలో అరవై ముగ్గురం.
అవతలి జలసంధి చిలీ వాళ్ళది, ఆంకూద్ ఊరివాళ్ళది.
నాలుగేళ్ళుగా గట్టు తగాదా.
వాళ్ళ పెద్ద ఎలిసియో బర్రీయా
మా పడవ ముంచినప్పుడల్లా
ఒక బొమ్మ గొర్రెని పంపేవాడు, ఉడికించడానికి.
బయట ఏం చేస్తాడో ఎవరికీ తెలీదు.
చేపలకి మేత వేస్తాడని ఒకరు,
కాదు, బడి బస్సు నడుపుతాడని ఒకరు.

ఆ రాత్రి వాళ్ళ దీపాలు ఆరిపోవడం మొదలైంది.
పదకొండు. ఏడు. మూడు.
ఆఖరివాడు రాసింది సగం మాట:
"గాలి, స్తంభాలు పడిపో"

అక్కడ సాయంత్రం ఆరు, నడి చలికాలం.
మాకు చీకటి దొరకదు, వాళ్ళకి చీకటే మిగిలింది.

ఓస్మో వెంటనే ఓటు పెట్టాడు.
"రేవు ఖాళీ. ఇంతకంటే అదను రాదు."
నలభై ఒక్క చేతులు లేచాయి.
అందులో విల్హో చెయ్యి ఉంది.
నేను మేకు కూడా కొనలేని రోజుల్లో
నా పేరు మీద తెరచాప పెట్టి
చెప్పకుండా వెళ్ళిపోయినవాడు.
అదే చెయ్యి.
మంచితనానికీ హద్దురాళ్ళుంటాయని
అది పైకి లేచినప్పుడు చూశాను.

నా పన్నెండు పడవలూ తీసుకెళ్ళి
జలసంధి మూతికి అడ్డంగా నిలబెట్టాను,
ముక్కులు మావాళ్ళ వైపు తిప్పి.

దయ అనుకోకండి. సగం పొగరు.
నిద్రపోయేవాడి జేబు కొట్టి
గెలిచామని ఎవరికి చెప్పుకుంటాం?

ఎనిమిదింటిని ముంచారు.
మధ్యలో మూడు లారీలొచ్చాయి.
నలభై ఒక్క టన్నులని రాయబోయి
నలభై ఒక్క ఓట్లని రాసి, కొట్టేశాను.
విల్హో పడవ నా ఎదుటికొచ్చి ఆగింది.
కాల్చలేదు. తప్పుకోనూ లేదు.
ఇరవై నిమిషాలు అలాగే, అలల మీద
ఇద్దరం ఒకరినొకరు తూచుకుంటున్నట్టు.

ఆరింటికి షిఫ్టు అయిపోయింది.
ఇంటికి వెళ్ళలేదు. పార్కింగులో, కారులో,
ఫోను వేడెక్కి చెయ్యి కాలుతుంటే
పది దాకా కూర్చున్నాను.

పదింటికి ఒక దీపం వెలిగింది.
"నా రేవులో నీకేం పని?"
"కరెంటు వచ్చిందా?" అన్నాను.
చాలాసేపు ఏమీ రాయలేదు ఎలిసియో.
తర్వాత, "మా అమ్మ ఆక్సిజన్ మెషీను దగ్గరున్నాను.
జెనరేటర్ ఇప్పుడే తెచ్చాం," అన్నాడు.

మధ్యాహ్నానికి కూటమి నన్ను తీసేసింది.
దీనికి ఓటు కూడా అక్కర్లేకపోయింది.

మూడు వారాలకి ఎలిసియో మా ఉప్పు దీవిని పట్టాడు.
పట్టపగలు, అందరూ మేలుకుని ఉండగా,
పద్ధతిగా. కాపలా మనిషి లేదు కదా మరి.
కోపం రాలేదంటే అబద్ధం.
దీవి దక్షిణపు కొసన పిల్లి నాలుకంత ఇసుక
నా పేరు మీద వదిలేశాడు.
నా నాలుగు పడవలు అక్కడే ఉన్నాయి.
పక్కన ఒక బొమ్మ గొర్రె.
ఉడికించడానికో, ఇంకెందుకో.

నిండు లారీ బరువు రాస్తాను, ఖాళీ లారీ బరువూ రాస్తాను,
ఆ తేడాకే మిల్లు డబ్బిస్తుంది.
ఈ గొర్రెని ఏ గడిలో రాయాలో మాత్రం తెలీడం లేదు.

నిన్న రాత్రి ఇసుక మీద
ఒక తెరచాప మడతపెట్టి ఉంది.
పంపినవారి పేరు లేదు.
కుట్టు చూసి గుర్తుపట్టాను.