బంక

పొద్దుగాల నాలుగింటికి
ఉమ్ అల్ కువైన్ ఒడ్డు మీద
మాకంటే ముందే వచ్చి పండుకుంటది
గోధుమరంగు పాచి.
పార, బుట్ట, నారింజరంగు జాకెట్టు.
హోటల్ల దిగినోళ్ళు లేచేసరికి
ఇసుక తెల్లగుండాలె.
పదకొండేండ్లు ఎత్తిపోసిన.
కంపును కంపే అనుకున్న.

మాది భీంగల్ దిక్కు.
నీళ్ళంటే బోరు పోసినంతసేపే నీళ్ళు.
సముద్రంల కూడా పంట ఉంటదని
ఎవ్వరూ చెప్పలే.

ఈ మాఘంల వచ్చింది డాక్టర్ మౌజా మేడమ్.
అబాయా అంచు మోకాళ్ళదాంక తడిసింది,
కాళ్ళకు రబ్బరు బూట్లు.
"పారెయ్యకు లింబాద్రీ" అన్నది హిందీల,
"వాడనియి ఏరు. బుడ్లున్నయి చూడు, గవి."
శనగ్గింజంత గాలిబుడ్లు.
ఒకటి ఒత్తి చూసిన, టప్పుమన్నది.

షెడ్డుల కడుగుడు నా పని.
మొదటి నీళ్ళు, రెండో నీళ్ళు, ఏడో నీళ్ళు.
ఇసుక పోవాలె, ఉప్పు పోవాలె,
పాషాణం కూడా కొంచెం పట్టుకొనుంటదట,
అది ఎంతుందో మిషన్ చెప్పాలె.
ఎండబెట్టి పొడిగొట్టి
వేడినీళ్ళల్ల నానబెడితే
దిగింది

బంక.
బెండకాయ కోస్తుంటే కత్తికంటేటి బంక,
నానిన సబ్జగింజ తొడుక్కునే అంగీ.
నవ్వాగలే నాకు.

మేడమ్ పేర్లు చెప్పింది.
ఆల్జినేట్. లామినారిన్. ఫ్యూకోయిడాన్.
మూడోది నోరు తిరగడానికి వారం పట్టింది.
"అన్నీ చక్కెరలే" అన్నది,
"చేతులు చేతులు పట్టుకొని బారుగా నిలబడ్డ చక్కెరలు.
మన కడుపుకు ఆ ముడి విప్పరాదు.
పేగుల ఉండే సూక్ష్మజీవులు విప్పుకుంటయి.
బంక అడ్డముంటే అన్నంల చక్కెర
నెత్తురులకు ఉరకదు, నడుస్తది."

ఉరకదు, నడుస్తది.
ఆ మాట కాడ చెయ్యి ఆగింది నాకు.

కంపెనీ క్లినిక్ కాయితం
జేబుల నాలుగు మడతలు పడి ఉన్నది.
పరగడుపున రెండొందల ముప్పై.
అరికాళ్ళు ఇసుకను గుర్తుపట్టక ఏడాదైతుంది.
ఆ రాత్రి నుంచి
గాజుగిన్నె అడుగున మిగిలింది
రోజూ ఒక చెంచా, ఎవ్వరూ చూడకుండ.
ఉప్పగ, చల్లగ, గొంతుల జారిపోయేది.

ఎనిమిదో దినం దొరికిపోయిన.
తిట్టింది మేడమ్, అరబ్బీల, హిందీల, మళ్ళ అరబ్బీల.
"ఎలుకల్ల చూసినం. గిన్నెల పెంచిన కణాల్ల చూసినం.
మనుషుల్ల కొద్దిమందిని. ఖాయమని ఎవరన్నరు నీకు?
గోలీలు ఏసుకుంటున్నవా?"
"సగం సగం" అన్న.
"సగమెందుకు?"
"నెలంత రావాలె గద."

అప్పుడు ఊకున్నది.
ఫ్రిజ్ మోగుడు ఒక్కటే వినవడ్డది షెడ్డుల.

పొద్దున బల్ల మీద గోలీల డబ్బా, రెండు నెలలకు సరిపడ.
దాని కింద చీటీ, హిందీ అక్షరాలు వంకరగ:
నిండు గోలీ. గిన్నె ముట్టుకోవద్దు.

ఒకటే అడిగిన పోతుపోతు.
ఈ బంక పాచికెందుకు, దానికీ షుగరుందా అని.
అలకు తెగకుండ వంగనీకి, అన్నది,
ఆటుల నీళ్ళు వెనక్కి పోతే
ఎండల ఎండిపోకుండ.
తన కోసం చేసుకున్నది,
నీ కోసం నా కోసం కాదు.

బయటికొస్తే నలభై ఆరు డిగ్రీలు.
మెడకు తడి తువ్వాల చుట్టుకున్న.

రాత్రి రూముల రఫీకుల్ బెండకాయ ఏపుతుండు,
బంకంత పోయేదాంక, కరకరలాడేదాంక.
"ఉంచు భాయ్, కొంచెం బంక ఉంచు" అన్న.
నన్ను పైకీ కిందికీ చూసి
మంట ఇంకొంచెం పెంచిండు.