కొమ్ము లేని పేరు

తాడిపత్రిలో బండల పాలీషు షెడ్ల మధ్య
నాలుగు వందల పన్నెండు మంది ఊపిరిని
ప్లాస్టిక్ గొట్టంలోకి ఊదించుకున్నాను.
ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, అయిపోలేదు,
రోజంతా ఇదే నా జపం.

"పొయ్యి ఊదినట్ల ఊదల్నా పాపా, బూర ఊదినట్లా?"
అనడిగింది సుంకులమ్మ.
నవ్వబోయి దగ్గింది.
దగ్గు ఆగేదాకా యంత్రం
సున్నా చూపిస్తూ ఓపిగ్గా కూర్చుంది.

ఎన్నేళ్ళుగా బండల దగ్గర?
"మా పెద్దోడు కడుపులో ఉన్న్యప్పట్నుంచి."
వాడికెన్నేళ్ళు?
"కరువొచ్చిన యేడు పుట్న్యాడు."
ఏ కరువు?
"ఏ కరువని చెప్పల్ల పాపా."
ఇరవై ఆరు అని వేసుకున్నాను.
తెలియని గడిలో అలా ఒక అంకె వేసుకోవడానికి
లెక్కల్లో చాలా గౌరవమైన పేరుంది.

టాబ్లెట్ తెర మీద తెల్లటి దుమ్ము.
చున్నీతో తుడిచేకొద్దీ పేరుకుంటుంది.
వేలు జారి ఆమె పేరులో
ఒక కొమ్ము ఎగిరిపోయింది.
సంకులమ్మ.
సాయంత్రం దిద్దుదామనుకున్నాను.
సాయంత్రం అనంతపురం బస్సు తొందర.

సమ్మతి పత్రం చదివి వినిపించాను:
మీ వివరాలు గోప్యంగా ఉంచబడును.
"గోప్యమంటే?"
ఎవరికీ చెప్పమని.
"చెప్తే మాత్రం ఏముందిలే,
వీధి చివరికి వినపడే దగ్గు"
అంటూ వేలిముద్ర వేసింది.
గీతలన్నీ బండకే అరిగిపోయి
కాగితం మీద ఒక నల్లటి మచ్చ మాత్రం పడింది,
ఎవరి వేలైనా కావచ్చు.

నెల తర్వాత మా లెక్క నోరు విప్పింది.
వరుస సంఖ్య రెండు వందల ముప్పై ఏడు:
ఐదేళ్ళలోపు ముప్పు, వందకు ఎనభై మూడు.
గది చల్లగా ఉంది. బాగా వచ్చింది, అన్నాడు మా సారు.
అంచనా బాగా వచ్చిందని.
నేనూ సంతోషపడ్డాను, అబద్ధమెందుకు.

ఆ ఎనభై మూడు ఆమెకు చెప్పాలంటే
కమిటీ అనుమతి రావాలి.
అనుమతి పట్టుకుని నేను వెళ్ళేసరికి
పార్సిల్ ముందే వచ్చి ఉంది.

ఊపిరి బలం పొడి.
రెండు డబ్బాలు కొంటే ఒకటి ఉచితం.
పద్నాలుగు వందల తొంభై తొమ్మిది, సరుకు అందాకే డబ్బు.
కొడుకు ఫోనులో తనంతట తనే కనపడిందట,
బండల పని చేసే అమ్మలకు ప్రత్యేకం అని,
తెలుగులోనే, చాలా ముద్దుగా.

ఐదో తరగతి మనవడు ఓబులేసు
అట్టపెట్టె తిప్పి చూపించాడు.
"మా జేజి పేరు తప్పు రాసినారక్కా.
సున్నా ఉండాది, కొమ్ము ల్యా."

నా తప్పు. నా వేలు చేసిన తప్పే,
ఏ గదుల్లో తిరిగిందో, ఎన్ని చేతులు మారిందో,
ఎంతకు అమ్ముడుపోయిందో,
ఒక్క గీత కూడా చెదరకుండా
ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

ఆఫీసుకు ఫోన్ చేశాను.
మూడో పక్షం, అన్నారు.
మా ఇంటి కేలండర్లో
అమావాస్యకొకటి, పున్నమికొకటి,
రెండే పక్షాలు.

మూత తీసి వాసన చూశాను. చక్కెర.
కొంచెం యాలకులు.
పారబోద్దాం అవ్వా, అన్నాను.
సుంకులమ్మ డబ్బా లాక్కుంది.
"నువ్వు పంపిన మందే గదా పాపా.
నీ గొట్టంలో ఊదిన్యాకనే గదా వచ్చింది.
నీ మొగం జూసే గదా
నాలుగు దినాల కూలి ఇస్తి."

ఎనభై మూడు నాలుక మీదే ఉంది.
ఆమె చెంచాడు పొడి పాలల్లో కలిపి
సగం ఓబులేసుకు పోసింది.
గోడ అవతల మిషను మొదలైంది,
ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

టాబ్లెట్ తీసి రెండు వందల ముప్పై ఏడో వరుసలో
కొమ్ము పెట్టాను.
భద్రపరచాలా? అని అడుగుతోంది తెర.
చున్నీతో దుమ్ము తుడిచాను.
ఇంకా అడుగుతూనే ఉంది.